రెండవ తాళపుచెవి

నేను బ్యాంకు ఉద్యోగమున చేరిన తొలి యేట, కృష్ణా మండలమందలి ఒక చిన్న పట్టణపు శాఖలో, ప్రతిదినము ఉదయమున జరిగెడి ఒక కార్యమును శ్రద్ధగా చూచుచుండెడివాడను. హెడ్ క్యాషియరు గారు తమ తాళపుచెవుల గుత్తితోను, అకౌంటెంటు గారు తమ గుత్తితోను జతగా స్ట్రాంగ్ రూము తలుపు కడకు పోయెడివారు. ఒకరు ఒక తాళమును, వేరొకరు రెండవ తాళమును తీసినగాని ఆ ఇనుప తలుపు కదలెడిది కాదు. కోతల కాలమున ఒకనాడు అకౌంటెంటు గారి తల్లి పరమపదించినదని నడిరేయి కబురు రాగా, ఆయన నిబంధన ప్రకారము తాళపుచెవిని మరియొకరికి అప్పగించి సంతకము తీసికొనవలసియుండియు, ఆ దుఃఖమున అది తోపక, జేబులోని గుత్తితోనే స్వగ్రామమునకు వెడలిపోయిరి. తెల్లవారినది. కూలీలకు బట్వాడా చేయుటకై డబ్బు కావలసిన రైసు మిల్లు యజమాని ఒకరు పది గంటలకే వచ్చి కూర్చుండిరి. అటెండరును బస్సులో పంపి ఆ తాళపుచెవిని తెప్పించునప్పటికి రెండు గంటలు దాటినది. అంతవరకును ఆ పెద్దమనిషి, లోపల లక్షలుండగా తన సొమ్ము తనకీయలేని బ్యాంకు ఏమి బ్యాంకని ఎలుగెత్తి అడుగుచునే యుండిరి. హెడ్ క్యాషియరు గారు ఆయనకు మజ్జిగ తెప్పించి యిచ్చి, మెల్లగా అన్న మాట యిది: ‘‘ఆ రెండో తాళం మాది కాదండీ, మీదే. మీరు దాచుకున్న సొమ్ముకి మీ తరపున పెట్టిన కాపలా అది.’’

ఆ మాట నాకు మాటిమాటికిని జ్ఞప్తికి వచ్చుచుండును. భారతదేశమున కెల్ల పెద్దదగు బ్యాంకునకు ఏడేండ్లకు పైగా అధ్యక్షులై యుండి, అత్యవసర పరిస్థితి నాళ్లలో ఆ పీఠము నుండి తొలగింపబడిన రాజ్ కుమార్ తల్వార్ గారి ఉద్యోగ చరిత్రను తలంచినపుడెల్ల మరింతగా వచ్చును. ఏలయన, ఆయన కథ ఒక వ్యక్తి యొక్క ధైర్యమును గూర్చిన కథగానే మన పత్రికలలో తరచు చెప్పబడినది గాని, నా యభిప్రాయమున అది ఒక తాళపుచెవిని గూర్చిన కథ. ఆ తాళపుచెవిని తల్వార్ గారి చేతినుండి మాత్రమే గాక, ఆయన తరువాత ఆ పీఠమెక్కిన ప్రతివారి చేతినుండియు తీసికొనిన విధమును గూర్చిన కథ.

తల్వార్ గారు 1922లో జన్మించిరి. 1943లో నాటి ఇంపీరియల్ బ్యాంకులో ప్రవేశించిరి. బెంగాలు, బొంబాయి, మద్రాసు రాజధానుల బ్యాంకులు మూడును 1921లో ఏకమైనందున ఏర్పడిన ఆ సంస్థ, దొరతనమువారి ఖజానాను మోయుచు, పెద్ద వర్తకులకును తోటల యజమానులకును పెట్టుబడి నిచ్చుచు, పల్లె వైపు కన్నెత్తి చూడక కాలము గడపినది. స్వాతంత్ర్యానంతరము గోర్వాలా గారి అధ్యక్షతన గ్రామీణ పరపతిని పరిశోధించిన సంఘము 1954లో తన నివేదికను సమర్పించినపుడు, రైతు చేసెడి అప్పులో వాణిజ్య బ్యాంకుల వంతు నూటికి ఒక్క రూపాయి యైనను లేదను సత్యము బయల్పడినది. తక్కినదంతయు ప్రధానముగా వడ్డీ వ్యాపారులదే. ఆ నివేదిక ఫలితముగానే 1955 జూలై 1వ తేదీన ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారి, ఐదేండ్లలో 400 కొత్త శాఖలను తెరవవలెనను విధిని చట్టముచేతనే శిరసావహించినది, గడువు లోపలనే నెరవేర్చినది. 1959లో సంస్థానముల బ్యాంకులు దానికి అనుబంధములైనపుడు నిజాము నాటి హైదరాబాదు బ్యాంకు కూడ ఆ కుటుంబమున చేరినది. మరి రెండేండ్లకు, అనగా 1961లో, స్టేట్ బ్యాంకు అధికారులకు శిక్షణ నిచ్చు కళాశాల హైదరాబాదుననే వెలసినది. దొరల బ్యాంకు ప్రజల బ్యాంకుగా మారుచున్న ఆ సంధికాలముననే తల్వార్ గారు మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1969 మార్చిలో, నలుబదియేడేండ్లు నిండకమున్నే అధ్యక్షులైరి. అంతవరకు ఆ పీఠమును అంత చిన్న వయసున అధిష్ఠించినవారు లేరు. ఆయన అధ్యక్షుడైన నాలుగు నెలలకే, 1969 జూలై 19న, 14 పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడినవి.

ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది, అప్పు ఇచ్చు పద్ధతిని మార్చుట. అంతకుముందు బ్యాంకు గుమ్మమెక్కిన వానిని మేనేజరు అడిగెడి తొలి ప్రశ్న ‘‘తనఖా ఏమి పెట్టుదువు?’’ అనునదే. పొలమో, మేడయో, గోదాములోని సరకో చూపగలిగినవాడు పెద్దమనిషి. చదువును పనితనమును తప్ప వేరేమియు లేనివాడు పరుని పూచీకత్తుకై ఊరంతయు తిరిగి, దొరకక ఇంటికి పోవలసినవాడే. 1967లో స్టేట్ బ్యాంకు సాంకేతిక విద్య నేర్చిన యువకులకు, సొంత ఆస్తి లేకున్నను, యంత్రముల ఖరీదంతయు అప్పుగా ఇచ్చెడి పథకమును ఆరంభించినది; నాడు యాజమాన్యమున ముఖ్యులుగా నుండి, పిదప అధ్యక్షులైన తల్వార్ గారు దానిని పెంచి పోషించిరి. ఇంజనీరింగు పట్టా చేత బట్టుకొని వచ్చిన బీద కుఱ్ఱవానితో, ‘‘నీకేమున్నది?’’ అనుటకు మారుగా ‘‘నీవేమి చేయగలవు?’’ అని బ్యాంకు అడుగుట ఆనాటికి ఎంతటి మార్పో నేటివారికి బోధపడకపోవచ్చును. తాకట్టు వస్తువు అడుగున పడియుండును, పారిపోదు. మనిషి సామర్థ్యమును తూచుటకు మాత్రము అప్పు ఇచ్చువాడు పరిశ్రమను గూర్చియు, సంతను గూర్చియు, ఆ మనిషిని గూర్చియు తెలిసికొనవలెను. అందుచేత ఆ మార్పు బ్యాంకు మేనేజరు చదువునే మార్చినది.

ఆ ఊహతోనే ఆయన 1970ల తొలినాళ్లలో, అహమ్మదాబాదులోని మేనేజిమెంటు విద్యాసంస్థ సలహాపై, స్టేట్ బ్యాంకును ఆమూలాగ్రముగా పునర్వ్యవస్థీకరించిరి. ఖాతాలను పుస్తకములనుబట్టి గాక, ఖాతాదారులనుబట్టి విభజించి, పెద్ద పరిశ్రమలకు ఒక విభాగము, చిన్న పరిశ్రమలకును చిల్లర వ్యాపారులకును వేరొక విభాగము, సేద్యమునకు ఒకటి, జీతగాండ్రు మొదలగు వ్యక్తిగత ఖాతాదారులకు ఒకటి అని ఏర్పరచిరి. కౌంటరుకు ఈవల నిలుచున్నవాడు ఎవడో చూచి ఆవల బల్లలు అమర్చుట అది. దాని ఛాయలు నేటి శాఖలలో కూడ కానవచ్చును.

ఇంత చేసిన మనిషి పాలనలోనే, ఆ రెండు తాళముల సూత్రమునకు ఘోరమైన భంగము కలిగినది. 1971 మే 24న ఢిల్లీ పార్లమెంటు వీధి శాఖలో ప్రధాన క్యాషియరు వేదప్రకాశ్ మల్హోత్రా, ఫోనులో వచ్చిన మాటను ప్రధానమంత్రి ఆజ్ఞగా నమ్మి, 60 లక్షల రూపాయలను బయటికి తెచ్చి, రుస్తుం సొరాబ్ నాగర్‌వాలా యను వానికి నడివీధిలో అప్పగించి, పిదప రసీదు కొరకు ప్రధాని నివాసమునకు పోగా, అటువంటి కబురేదియు ఎవరును పంపలేదని తెలిసి హతాశుడైనాడు. నిందితుడు ఆ రోజే చిక్కినాడు, సొమ్ములో అధికభాగము దొరకినది, కొద్ది దినములలోనే శిక్షయు పడినది. మరుసటి యేడు మార్చిలో ఆ నిందితుడు నిర్బంధములోనుండగనే మరణించినాడు. ఆ మర్మమును విచారించుటకై 1977లో జనతా ప్రభుత్వము నియమించిన కమిషనునకు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండి సుప్రీంకోర్టునకు వెళ్లిన పింగళి జగన్మోహనరెడ్డి గారు ఏకసభ్యులైరి. ఆ కథలోని రాజకీయముల జోలికి నేను పోను. అంతటి మొత్తము ఒక గొంతు విని కదలినదను విషయము మాత్రము చాలును. తాళములు రెండును, గుత్తులు రెండును, పుస్తకములన్నియు సక్రమముగా నుండియు, పైనుండి వచ్చిన ఆజ్ఞ యను మాట చెవిని పడినంతనే అన్నియు తెరచుకొన్నవి. ఆజ్ఞ యనిన భయమే రెండవ తాళమునకు దొంగ తాళపుచెవి. ఆ వీధిలో ఒక క్యాషియరునకు ఎదురైన పరీక్ష, ఐదేండ్ల పిదప, ఆ క్యాషియరుకన్న ఎన్నియో మెట్ల పైనున్న అధ్యక్షునికే ఎదురైనది.

అత్యవసర పరిస్థితి 1975 జూన్ 25 రాత్రి ప్రకటింపబడినది. ఆ దినములలో ఒక సిమెంటు కంపెనీ ఖాయిలా పడి, స్టేట్ బ్యాంకునకు బాకీ పడియుండెను. ఈ వృత్తాంతము మనకు ప్రధానముగా నాడు తల్వార్ గారికి సన్నిహితముగా పనిచేసి, పిమ్మట స్వయముగా ఒక పెద్ద బ్యాంకునకును ఐ.సి.ఐ.సి.ఐ. సంస్థకును అధ్యక్షులైన నారాయణన్ వాఘుల్ గారు వ్రాసిన దానివలన తెలియుచున్నది. ఆ కంపెనీ చెడుటకు కారణము నిర్వాహకుని అసమర్థతయేయని బ్యాంకు నిశ్చయించి, దానిని మరల నిలబెట్టుటకు ఒక ప్రణాళిక సిద్ధము చేసి, అందులో ఒక్క నిబంధన పెట్టినది: సంస్థను స్థాపించిన యజమాని ఆధిపత్యమును విడిచి, వృత్తి నిపుణులకు పాలన అప్పగింపవలెను. ఆ యజమాని ప్రధానమంత్రి కుమారుడగు సంజయ్ గాంధీకి మిత్రుడు. ఆ మైత్రి వలన మాట ఆర్థిక మంత్రికి చేరినది. మంత్రి తల్వార్ గారిని పిలిపించి, ఆ నిబంధనను ఎత్తివేయుడని కోరిరి. తల్వార్ గారు తన అధికారులతో వ్యవహారమును తిరిగి పరిశీలించి, నిబంధన లేకున్నచో కొత్తగా ఇచ్చెడి అప్పు కూడ మునుగునని తేల్చుకొని, సాధ్యము కాదని చెప్పిరి. సంజయ్ గాంధీని కలిసికొనుమను సూచన రాగా, రాజ్యాంగరీత్యా ఆయనకు ఏ అధికారమును లేదు గావున తాను పోవలసిన పనిలేదనిరి.

ఇచ్చట పాఠకుడు ఒక్క క్షణము ఆగి ఆ గదిని ఊహింపవలెనని నా కోరిక. దేశమునందలి ప్రముఖులు చెరసాలలో నున్నారు. పత్రికలకు సెన్సారు ఉన్నది. మంత్రివర్యులే ఒక యువకుని ఇంటి గుమ్మము వద్ద వేచియుండెడి దినములవి. అట్టి తరుణమున, ఎదుట కూర్చున్న మంత్రితో, తన ముందున్న కాగితములోని ఒక్క వాక్యమును తొలగింపనని ఒక ఉద్యోగి చెప్పుచున్నాడు. ఆ వాక్యము తొలగించియుండినచో ఎవరికిని వెంటనే తెలిసెడిది కాదు. సిమెంటు మరికొంతకాలము ఉత్పత్తి యయ్యెడిది, కొత్త అప్పు పాత అప్పును కప్పెడిది, ఆ వ్యవహారము మొండి బకాయిగా తేలునాటికి అధ్యక్షుడును, మంత్రియు, నిర్వాహకుడును వేర్వేరు చోట్లకు పోయియుండెడివారు. నష్టము మిగిలెడిది డిపాజిటుదారునికి. వాడు ఆ గదిలో లేడు. వాని తరపున అక్కడ నున్నది ఆ ఒక్క వాక్యమే.

పిమ్మట జరిగినదంతయు అధికారము తన మార్గమును వెదకికొనిన తీరు. రాజీనామా చేయుడని మంత్రి కోరగా, రాజీనామా చేయుటకు కారణము తనకు కానరాదని తల్వార్ గారు బదులిచ్చిరి. మరియొక పదవి చూపబడినది. దానిని కూడ ఈ పదవితోపాటు నిర్వహింపగలనని ఆయన చెప్పిరి. సి.బి.ఐ. వారిని ఆయనపై విచారణకు పంపిరి. తల్వార్ గారు పుదుచ్చేరి అరవిందాశ్రమపు శ్రీమాతకు పరమభక్తులు. ఆ శ్రీమాత సంకల్పమున 1968లో ఆరంభమైన ఆరోవిల్ నగరమునకు విరాళమిచ్చిన పారిశ్రామికులపై ఆయన తన పదవిచేత ఒత్తిడి తెచ్చిరేమోయని అడిగి తెలిసికొనజూచిరి. తాము ఆ ఆశయమును మెచ్చియే ఇచ్చితిమని దాతలు చెప్పినందున ఆ యత్నము వ్యర్థమైనది. అప్పటికి మిగిలినది చట్టము. స్టేట్ బ్యాంకు చట్టము ప్రకారము, తగిన కారణము లేక అధ్యక్షుని తొలగించుటకు వీలులేదు. అందువలన పార్లమెంటు 1976లో ఆ చట్టమునే సవరించినది. కారణము చూపనక్కరలేదు, మూడు నెలల నోటీసో, దానికి మారుగా మూడు నెలల జీతభత్యములో ఇచ్చి అధ్యక్షుని పదవీకాలమును ముగింపవచ్చును. బ్యాంకు ఉద్యోగులు దానిని తల్వార్ సవరణ యని పిలుచుట కలదు. చట్టము మారిన పిదప కూడ ఆయన రాజీనామా పత్రము వ్రాసి ఇయ్యలేదు. 1976 ఆగస్టులో ఆయనను పదుమూడు నెలల సెలవుపై పంపివేసిరి.

ఇందు తల్వార్ గారి వ్యక్తిగత ధైర్యమును నేను తక్కువచేయుట లేదు. సాధకుడైన మనుజునకు పదవి పోవుట వస్త్రము మార్చుట వంటిదై యుండును. ఆ నిబ్బరము ఆయనకు పుదుచ్చేరి ప్రసాదము. కాని బ్యాంకుకు అధ్యక్షులుగా వచ్చువారందరును సాధకులై యుందురని ఏ చట్టకర్తయు ఆశింపరాదు. బిడ్డల చదువులును, పదవీవిరమణానంతరము ఇల్లును గూర్చిన చింత గల సామాన్యుడైన నిజాయితీపరుడు కూడ ఆ గదిలో ‘కాదు’ అనగలుగుటకు చట్టము వానికొక ఆధారము నీయవలెను. 1955 చట్టము ఆ ఆధారము నిచ్చినది: నియామకమున కేంద్రప్రభుత్వము రిజర్వు బ్యాంకును సంప్రతింపవలెను, తొలగింపునకు కారణము ఉండవలెను. అవి రెండు తాళములు. 1976 సవరణ రెండవ దానిని తీసివేసినది.

దీనికి ఎదురుగా చెప్పదగిన వాదమొకటి గట్టిదే కలదు. స్టేట్ బ్యాంకు ప్రజల ధనము. ప్రజలచే ఎన్నుకొనబడిన ప్రభుత్వమునకు అందు అధికారము లేకున్న ఎవరికుండవలెను? కదల్పరాని అధ్యక్షుడు నియంతగా మారినచో దిక్కేమి? ఈ వాదమును నేను తేలికగా త్రోసివేయను. అధ్యక్ష పీఠములపై కూర్చున్నవారిలో తమ ఆశ్రితులకు సొమ్ము దోచిపెట్టినవారు కూడ మన దేశమున లేకపోలేదు. కాని అట్టివారిని తొలగించుటకు కారణము చూపిన చాలును. కారణమున్నవాడు దానిని కాగితముపై వ్రాయుటకు జంకడు. కారణము వ్రాయనక్కరలేదను సౌకర్యము ఎవరికి కావలసియున్నదో, 1976 నాటి చరిత్రయే చెప్పుచున్నది. ఎన్నికైన ప్రభుత్వము విధానములను నిర్ణయించుట వేరు. సేద్యమునకు ఇంత, చిన్న పరిశ్రమలకు ఇంత అని శాసించుట దాని హక్కు, దానిని తల్వార్ గారు మనఃపూర్వకముగా నెరవేర్చిరి. ఫలానా వానికి అప్పు ఇమ్ము, ఫలానా నిబంధన ఎత్తివేయుము అనుట వేరు. మొదటిది పరిపాలన, రెండవది పరుని పెట్టెలో చేయి పెట్టుట.

మన తెలుగు జిల్లాలవారికి ఈ భేదము అనుభవపూర్వకముగా తెలియవలసినదే. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలినపుడు, రాజధాని నలుమూలల ఎందరో వితంతువులును, పింఛనుదార్లును, చిరుద్యోగులును కూడబెట్టిన సొమ్ము పోయినది. నమ్మి దాచుకొనదగిన చోటు మనకు మనమే కల్పించుకొనవలెనను పట్టుదలతోనే, ఆ పతనమైన మరుసటి యేడు ఇండియన్ బ్యాంకు పుట్టినది. 1923లో మచిలీపట్టణమున వైద్యుడైన భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. వంద సంవత్సరములు పూర్తి కాకముందే, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు లేకపోయినది. ఆ పేరు పోయినందుకు నాకు బాధయే గాని, పాసు పుస్తకము దిండు క్రింద పెట్టుకొని నిద్రించెడి ముసలమ్మకు బోర్డుమీది పేరుకన్న లోపలి తాళములు ముఖ్యము.

తల్వార్ గారి తరువాతి దశాబ్దములలో ఈ సంగతి పలుమారు చర్చకు వచ్చినది. తెలుగువారు, రిజర్వు బ్యాంకునకు 1977లో కొలది నెలలు గవర్నరుగా పనిచేసిన మైదవోలు నరసింహం గారి అధ్యక్షతన 1991లో సమావేశమైన సంఘము, బ్యాంకులపై రిజర్వు బ్యాంకును ఆర్థికశాఖయు నెరపుచున్న ద్వంద్వ పెత్తనము తొలగవలెననియు, అధ్యక్షుల నియామకము రాజకీయ ప్రమేయము లేక సామర్థ్యమునుబట్టి జరుగవలెననియు చెప్పినది; 1998లో ఆయనదే రెండవ సంఘము స్వయంప్రతిపత్తిని గూర్చి మరల నొక్కి వ్రాసినది. తరువాతి సంఘములును ఆ పాటనే వేర్వేరు రాగములలో పాడినవి. కొన్ని సంస్కరణలు అమలైనవి కూడ. ఐనను 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యతను నిగ్గుదేల్ప బూనినపుడు దాచబడిన బకాయిలు వరుసగా బయల్పడి, 2018 మార్చి నాటికి వాణిజ్య బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు మొత్తము రుణములలో నూటికి 11కు పైబడినవి. అంతకు కొలది నెలల ముందు, 2017 అక్టోబరులో, ప్రభుత్వ బ్యాంకులకు 2 లక్షల 11 వేల కోట్ల రూపాయల మూలధనమును సమకూర్చెదమని కేంద్రము ప్రకటింపవలసివచ్చినది. ఆ బకాయిలన్నియు సిఫారసుల వలననే పుట్టినవని నేననను. వ్యాపారము దెబ్బతినుట, గనుల అనుమతులు నిలిచిపోవుట, ఉత్సాహాతిశయమున లెక్కలు తప్పుట, ఇవన్నియు కలవు. కాని, వాటిలో ఎన్ని ఖాతాల యందు ఒక అధికారి ఒక వాక్యమును చేర్పదలచి, పై మాట విని, చేర్పక మిన్నకుండెనో లెక్క వేయగలవారెవరు? ఇయ్యబడని ‘కాదు’ ఏ లెడ్జరునను చేరదు.

తల్వార్ గారు పుదుచ్చేరిని తన నివాసముగా చేసికొని, ఆశ్రమ జీవనమున శేషకాలము గడపి, 2002లో కాలధర్మము చెందిరి. అధికారముననున్న కాలమును గూర్చి ఆయన తానుగా చెప్పుకొనినది అత్యల్పము. ఆయన శిష్యప్రాయులగు వాఘుల్ గారు వ్రాసియుండనిచో, ఆ సిమెంటు కంపెనీ నిబంధన మాట మనకు తెలిసియుండెడిదే కాదేమో. స్టేట్ బ్యాంకులో చేరిన ఆఫీసర్లు నేటికిని ఒకరి కొకరు ఆ కథను చెప్పుకొందురు. చెప్పునప్పుడు వారి గొంతులో గర్వము పలుకును. అది న్యాయమైన గర్వమే. 1955 నాటి స్టేట్ బ్యాంకు చట్టమును తెరచి, అధ్యక్షుని పదవీకాలమును గూర్చిన చోటు చూచినచో, పదవీకాలము ముగియకముందే ఏ సమయముననైనను, మూడు నెలలకు తక్కువ కాని వ్రాతపూర్వకమైన నోటీసును గాని, దానికి బదులు మూడు నెలల జీతభత్యములను గాని ఇచ్చి, ఆ కాలమును ముగించు హక్కు కేంద్రప్రభుత్వమునకు కలదను వాక్యము ఇంకను అక్కడనే యున్నది.